కోడలుగడ్డల ఈదమ్మ

ఎవరైనా మూలికల పుస్తకం తెచ్చి నా ముందు పెడితే నాకు రోత పుడుతుంది. మూలికలంటే రోత కాదు. నేను పుట్టిందీ పెరిగిందీ వాటి వాసనలోనే. కర్నూలు పాతబస్తీలో మా నాయన పెట్టిన మూలికల అంగడి మాది. కరక్కాయలు, నేలవేము, సుగంధిపాల వేర్లు, ఎండిన తంగేడు పూలు, అటకదాకా డబ్బాల మీద డబ్బాలు. ఆయన పోయాక గల్లా ముందు నేను కూర్చున్నాను. నన్ను మౌలాలి అంటారు. నాకు రోత పుట్టించేది పుస్తకాలు, అందులోనూ ఒకే ఒక్క పుస్తకం. దాని వెనక అట్ట మీద మా అంగడి పేరు అచ్చయి ఉంది. పుస్తకం వేసినవాళ్లు తమంతట తాము వెయ్యలేదు, నేనే వెంటబడి వేయించుకున్నాను. థూ, నా బతుకు.

ఆ పుస్తకం సగం ఒకామె నోట్లోంచి వచ్చిందే. అయినా ఆమె పేరు అందులో ఎక్కడా లేదు. ఆమె సంగతి నేను చెప్పకపోతే ఇంకెవరూ చెప్పరు.

ఈదమ్మ చెంచు మనిషి. ఆత్మకూరు దాటి నల్లమల ఎక్కితే వాళ్ల గూడెం. నేను గల్లా ఎక్కేనాటికే అరవై దాటినట్టుండేది, ఏళ్లు ఎవరు లెక్కబెట్టుకున్నారు గనక. పొట్టి మనిషి, ఎండిన ఒళ్లు, అరికాళ్లు మాత్రం చెప్పు అట్టల్లా గట్టిగా ఉండేవి. పదిహేను రోజులకొకసారి ఆత్మకూరు దాకా నడిచొచ్చి, అక్కడ బస్సెక్కి, గంప నెత్తిన పెట్టుకుని మా అంగడి మెట్టు మీద దింపేది. లోపలికి రమ్మన్నా వచ్చేది కాదు. లోపలి గాలి చచ్చిన గాలి అనేది. అన్ని చెట్లనూ ఎండబెట్టి ఒకే గదిలో మూసిపెడితే అవి ఒకదాని మీద ఒకటి పడి కొట్లాడుకోవా అని మా నాయనను ఎగతాళి చేసేది. ఆయన పడీ పడీ నవ్వేవాడు.

అడవి సర్కారుది. రేంజరు ఆఫీసు చీటీ లేకుండా లోపల గడ్డపార కనబడితే దొంగతనం కింద కేసు. ఆ చీటీ ఏడాదికొకసారి ఇస్తారు, అదీ ఊళ్లో ఎవరైనా అంగడివాడు ‘ఈ మనిషి నాకు మూలికలు తెచ్చేది నిజమే’ అని సంతకం పెడితేనే. ఈదమ్మకు మా నాయన పెట్టేవాడు, ఆయన తర్వాత నేను. దాన్ని గుడ్డలో చుట్టి రొమ్ముల మధ్య దాచుకునేది. ఆ కాగితం ఉన్నంతకాలం ఆమె ఈదమ్మ. అది పోతే పుట్టిన అడవిలోనే ఆమె దొంగ.

చెట్లకు ఆమె చెప్పే పేర్లు వింటే చిన్నప్పుడు నాకు నవ్వొచ్చేది. మనం పువ్వు రంగు చూసో, ఆకు ఆకారం చూసో, ఏదో ఒక దేవుణ్ణి తలుచుకునో పేరు పెడతాం. వాళ్ల పద్ధతి వేరు. ‘మేక ముట్టనిది’ అని ఒక ఆకు. ‘ఎలుగు తవ్వేది’ అని ఒక దుంప. ‘మూడుపూటలది’ అని ఒక తీగ, దాన్ని మూడు పూటలకు మించి మింగకూడదు కాబట్టి ఆ పేరు. పేరు వింటే చాలు, దానితో ఏం చెయ్యాలో ఏం చెయ్యకూడదో తెలిసిపోతుంది.

అన్నిటికన్నా వింత కోడలుగడ్డ. తొలకరికి రెండాకులు వేసి నేల మీద పాకేటప్పుడు తవ్వితే అది కోడలుగడ్డ. అరగదీసి ఇస్తే కడుపునొప్పి మెల్లగా దిగుతుంది. అదే తీగ పూత పట్టిందా, కింది గడ్డ అత్తగడ్డ అయిపోతుంది. దాన్ని నూరి పశువుల పుండ్లకు పట్టు వేస్తే పురుగు చస్తుంది. మనిషి మింగితే మనిషే చస్తాడు. కాయలు ఎండి తీగ రాలాక అది అవ్వగడ్డ. మంచీ లేదు చెడూ లేదు, మూలన కూర్చుని ఉంటుంది, దాని జోలికి పోకూడదు. గడ్డ ఒకటే, గుంట ఒకటే, ఏడాదిలో పేర్లు మూడు. తవ్వినప్పుడు కూడా తీగ మొలిచే మెడకాయను మట్టిలోనే వదిలి మళ్లీ మన్ను కప్పి వచ్చేది ఈదమ్మ. ఇంటి ఆడదాన్ని వేళ్లతో సహా పీకుతారా అనేది.

చిక్కేమిటంటే, ఎండితే కోడలుకూ అత్తకూ తేడా తెలియదు. రెండూ ముడతలు పడ్డ అల్లం కొమ్ముల్లా ఉంటాయి. అందుకని ఆమె కోడలుగడ్డలను ఉత్త నారతో కట్టేది. అత్తగడ్డల కట్టలో మాత్రం ఒక కాల్చిన పుల్ల గుచ్చేది. మా నాయన ఆ రెంటినీ అంగడికి ఆ చివరొక డబ్బాలో ఈ చివరొక డబ్బాలో పెట్టేవాడు. కాల్చిన పుల్లను పారెయ్యకుండా డబ్బాలోనే ఉంచేవాడు. ఆయనకు ఉర్దూ అలిఫ్ గానీ తెలుగు అ ఆలు గానీ ఏ అక్షరమూ రాదు. ఆయన చేతి మందు తిని ఒక్క మనిషీ చావలేదు. చదువుకున్నవాణ్ణి నేను.

కర్నూలు రాజధాని అయిన ఏడాది ఊరినిండా గుడారాలు, గుడారాలనిండా ఆఫీసులు, ఆఫీసులనిండా కాగితాలు. గాలి వీస్తే దుమ్ముతోపాటు కాగితాలు కూడా లేచేవి. ఆ కాగితాల గాలికే వచ్చి పడ్డాడు బసవన్న. ఆదోని వైపు మనిషి, పేరుకు ముందు వైద్య విద్వాన్ అని రాసుకునేవాడు. సీమలో దొరికే మూలికల పేర్లన్నీ ఒకచోట చేర్చి పుస్తకం వెయ్యాలని, అది సర్కారు మెచ్చితే ధర్మాసుపత్రులన్నీ ఆ పట్టీ ప్రకారమే మందులు కొంటాయని చెప్పాడు. ఎవరి దగ్గర కొంటాయి అని నేను అడిగాను. నీ దగ్గర అన్నాడు. అంతే, నా కళ్లు నెత్తికెక్కాయి.

వారానికి రెండుసార్లు మా అంగడిలో దర్బారు. పొడుం పీల్చి, అదే వేళ్లతో మైసూరుపాకు తిని, అవే వేళ్లతో గడ్డను తిప్పి చూసేవాడు. ముక్కు తుడుచుకున్న పంచె చెంగుతోనే కలం తుడిచేవాడు. ఈదమ్మ మూడడుగుల దూరాన మెట్టు మీద కూర్చుని ఉంటే ఆమెతో మాట్లాడేవాడు కాదు. ‘ఏమంటుందో కనుక్కో’ అని నాతో అనేవాడు. ఆమెదీ తెలుగే, ఆయనదీ తెలుగే, మధ్యలో దుబాసీని నేను. అప్పుడది నాకు గొప్పగా ఉండేది. ఇప్పుడు తలుచుకుంటే ఒళ్లంతా గోక్కోవాలనిపిస్తుంది.

కోడలుగడ్డ దగ్గరికి వచ్చేసరికి ఆయన తెగ సంబరపడ్డాడు. ఒక మూలికకు ఎన్ని పేర్లుంటే అంత ఘనత ఆయన శాస్త్రంలో. పాత నిఘంటువుల్లో ఒక్కొక్క మొక్కకు పదీ ఇరవై పేర్లు వరసపెట్టి ఉంటాయి, అవన్నీ ఒకే వస్తువుకు పెట్టిన ముద్దుపేర్లు. ఈదమ్మ మూడు పేర్లనూ ఆయన అలాగే అనుకున్నాడు. ‘స్నుషాకందము’ అని కోడలుకే ఒక సంస్కృతం పేరు తానే చేసి తగిలించి, కింద ఇలా రాయించాడు: పర్యాయములు కోడలుగడ్డ, అత్తగడ్డ, అవ్వగడ్డ, గుణము ఉదరశూలను హరించును. రాసింది నా చెయ్యి. అత్త లేని కోడలు ఉత్తమురాలు, కోడలు లేని అత్త గుణవంతురాలు, ఇక్కడ ఇద్దరికీ కాపురం కలిపాం చూడు అని ఆయన నవ్వితే నేనూ నవ్వాను. తెలియక నవ్వానా అంటే అదీ కాదు. రెండు డబ్బాల సంగతి నాకు పుట్టుకతో తెలుసు. చదువుకున్నాయన చెప్తున్నాడు, బహుశా మా నాయనదే చాదస్తమేమో అనుకున్నాను. సులువుగా ఉన్నదాన్ని నిజమనుకోవడం నాకు ఎప్పుడూ సులువే.

పుస్తకం అచ్చయింది. ‘స్నుషాకందము’ అని కాగితం రాసి పెద్ద డబ్బాకు అంటించాను. రెండు డబ్బాల గడ్డలూ అందులో పోసి, కాల్చిన పుల్లలు ఏరి మోరీలో పారేశాను. డబ్బా చూడ్డానికి లక్షణంగా ఉంది.

తర్వాతి వారం ఈదమ్మ వచ్చింది. గంప దించకముందే అంగడి ఆ చివరా ఈ చివరా చూసింది. మొదటిసారి, ఆ ఒక్కసారే, మెట్టెక్కి లోపలికి వచ్చింది. డబ్బాలో చెయ్యి పెట్టి నాలుగు గడ్డలు పైకి తీసింది, మళ్లీ వేసింది.

"పుల్లలు యాడ అబ్బీ?"

పారేశానన్నాను. పుస్తకంలో మూడూ ఒకటే అని రాశారని, అది పెద్దవాళ్లు తేల్చిన మాటని కూడా చెప్పాను.

"ఒకటే గడ్డని నేను గూడా చెప్తాండా గదా," అంది. "ఒకటే గాబట్టే మూడు పేర్లు పెట్టినారు మా పెద్దోల్లు. యేరే యేరే గడ్డలయితే కంటికే తెలుస్తాది, పేరుతో పనేముండాది? పేరు పెట్టేది పిల్చేదానికి కాదబ్బీ. చెయ్యి యాడ నిలబడాల్నో ఆడ నిలబడేదానికి."

ఆ డబ్బా మొత్తం తనకిచ్చెయ్యమంది. ఊరి బయట పారబోసి, వచ్చే తొలకరికి మళ్లీ కోడలుగడ్డలు ఊరికే తెచ్చిస్తానంది. నేను ఇవ్వలేదు. ధర్మాసుపత్రికి పంపాల్సిన సరుకు అది. ముసలితనం వచ్చి నీకు భయం ఎక్కువైంది పో అన్నాను. ఆమె వెళ్లిపోయింది.

నెల తిరగలేదు. మా వీధి చివర దర్జీ మస్తాన్ వలీ భార్య గుల్జార్ బీకి కడుపునొప్పి వచ్చింది. ముప్పై ఏళ్లు కూడా ఉండవు, నన్ను అన్నా అని పిలిచేది. మస్తాన్ వస్తే ఆ డబ్బాలోంచే నేను గడ్డ తీసి, నా చేత్తోనే పొడి కొట్టిచ్చాను. రెండు రోజులు వాంతులు. ఇల్లంతా ఆ కంపు, గోడలకు పట్టిన కంపు. నేను చూడ్డానికి వెళ్లి ముక్కు మూసుకుని గడపలోంచే తిరిగొచ్చాను. మూడోనాటికి ప్రాణం పోయింది. తౌబా, తౌబా. ఇంటికొచ్చి అన్నం తినలేకపోయాను, కానీ అది గుల్జార్ బీ కోసం కాదు. నా సంగతేమిటని.

ఆ సాయంత్రమే బసవన్న మా ఇంటికి వచ్చాడు. మంచినీళ్లు కూడా తాగలేదు. ఒకే మాట చెప్పి పోయాడు.

"పుస్తకం తప్పని తేలితే దాని వెనకల నీ అంగడి పేరు ఉండాది, మర్చిపోవద్దప్పా."

విచారణ కచేరీలో జరిగింది. ఉరుము ఉరిమి మంగలం మీద పడ్డట్టు ఎవరు తెచ్చారు ఆ గడ్డలు అన్న దగ్గరికొచ్చి ఆగింది. ఈదమ్మను ఇద్దరు జవాన్లు ఆత్మకూరు నుంచి తోలుకొచ్చారు. బసవన్న తన పుస్తకం తెరిచి, స్నుషాకందం అమృతంతో సమానమని, ఈ అడవి మనిషి ఏదో విషపు గడ్డ కలిపి ఉంటుందని చెప్పాడు. తర్వాత నన్ను అడిగారు. గడ్డలు ఆమెవేనా అంటే ఆమెవే అన్నాను. జాగ్రత్తలేమైనా చెప్పిందా అన్నారు. చదువూ సంధ్యా లేని మనిషి, ఏం చెప్తుంది సార్ అన్నాను. ఈదమ్మ నా వైపు చూసింది. నేను గోడ మీద గడియారం వైపు చూశాను.

ఆమె చెప్పాల్సింది మొత్తం చెప్పింది. రెండాకుల వేళ కోడలు, పూత వేళ అత్త, ఎండిన వేళ అవ్వ. కాల్చిన పుల్ల గుచ్చినానని, డబ్బా అడిగితే ఈ అబ్బి ఇవ్వలేదని. ముందు కోడలుగడ్డ తెచ్చానన్నావు, ఇప్పుడు అత్తగడ్డ అంటున్నావు, ఏది నిజం అని అడిగారు. రెండూ నిజమే అంది. రాసే గుమాస్తా పక్కనే నేను నిలబడి ఉన్నాను, అతను ఏం రాశాడో నా కళ్లతో చదివాను: ‘సదరు మనిషి ఒకే గడ్డకు మూడు పేర్లు చెబుతూ, ఆకుకు అందకుండా పోకకు పొందకుండా మాట్లాడుచున్నది.’ కింద ఆమె వేలిముద్ర వేయించుకున్నారు.

సాక్ష్యం చాలక జైలు తప్పింది. చీటీ గడువు మాత్రం ఆ నెలతోనే తీరిపోయింది. రేంజరు మంచివాడే, అంగడివాడు సంతకం పెడితే నాకు అభ్యంతరం లేదని చెప్పి కాగితం ఇచ్చి పంపాడట. ఈదమ్మ ఆ కాగితం పట్టుకుని మా మెట్టు మీదికి వచ్చింది. కచేరీ ఊసు ఎత్తలేదు, తిట్టలేదు. ఇక్కడ నీ చెయ్యి పెట్టు అబ్బీ అని మాత్రం అంది. పెడితే విచారణలో నేను చెప్పిందంతా అబద్ధమని నేనే ఒప్పుకున్నట్టవుతుంది. రేపు రా అన్నాను. అంత దూరం నుంచి మళ్లీ వచ్చింది, సిరా అయిపోయింది రేపు రా అన్నాను. మూడోసారి వచ్చినప్పుడు సిరాబుడ్డి నా మోచేతి పక్కనే ఉంది, మూత తీసి ఉంది. ఆమె దాన్ని చూసింది. ఏమీ అడగకుండా కాగితం మడిచి, గుడ్డలో చుట్టి, దాచుకునే చోట దాచుకుని వెళ్లిపోయింది. మళ్లీ మా అంగడికి రాలేదు.

డబ్బాను నేను హంద్రి ఏట్లో పారబోశాను. అది మాత్రం ఎవరూ చెప్పకుండానే చేశాను, సాక్ష్యం కదా. బసవన్నకు ఒక గుడారంలో సభ పెట్టి శాలువా కప్పారు. పూలదండ వేసింది నేను. రెండో ముద్రణ కూడా వచ్చింది, స్నుషాకందం అక్షరం మారలేదు. తిలా పాపం తలా పిడికెడు అంటారు గానీ నా వాటా పిడికిట్లో పట్టేది కాదు.

ఆ మరుసటి ఎండాకాలం నంద్యాలకు బస్సులో పోతున్నాను. ఓర్వకల్లు దగ్గర రోడ్డు పని జరుగుతుంటే బస్సు ఆగింది. రోడ్డు పక్కన కూలీలు కంకర కొడుతున్నారు. వాళ్లలో ఈదమ్మ ఉంది. ఆ ఎండలో, ఒక్క ఆకు లేని ఆ రాళ్ల మధ్య, గడ్డపార పట్టిన చేతుల్తో సుత్తి పట్టుకుని. గడ్డ తవ్వినప్పుడు మెడకాయకు దెబ్బ తగలకుండా చూసుకునే మనిషి, రాయిని ఎక్కడ కొట్టాలో తెలియక వేళ్లు చితక్కొట్టుకుని గుడ్డపీలికలు కట్టుకుంది. నేను చెప్పు సర్దుకుంటున్నట్టు వంగి, బస్సు కదిలేదాకా తల పైకెత్తలేదు. పక్కన కూర్చున్నాయన ఒంట్లో బాగాలేదా అని అడిగాడు. డోకు వస్తోందన్నాను. అబద్ధం కాదు. రెండేళ్లకు ఆమె అక్కడే రోడ్డు పనిలోనే పోయిందని తెలిసింది.

పోయినేడు తొలకరి దాటాక ఒక పడుచు పిల్ల గంప తెచ్చి మా మెట్టు మీద దించింది. మెట్టు మీదే కూర్చుంది. ఆత్మకూరు పైనుంచి వచ్చానని, గూడెం మొత్తానికి ఇప్పుడు గిరిజనుల సొసైటీయే అడవి చీటీ ఇచ్చిందని, ఒకప్పుడు తన అత్త ఈ ఊళ్లోనే ఎవరికో గడ్డలు వేసేదని చెప్పింది. అత్త పేరు అడిగాను. ఈదమ్మ అంది.

గంపలోంచి రెండు కట్టలు తీసింది. ఒకటి ఉత్త నార కట్టు. రెండోదాంట్లో కాల్చిన పుల్ల.

"ఇది కోడలుగడ్డన్నా, కడుపునొప్పికి. ఈ పుల్ల గుచ్చినేది మౌలాలిగడ్డ. గొడ్ల పుండ్లకే, నోట్లోకి పోగూడదు."

అత్తగడ్డ కదా దాని పేరు అన్నాను.

"ముందర అట్లే అంటాండ్రి. మా అత్తే మార్చె. అత్త అంటే ఎవురికీ భయం ల్యాకపాయె, నగుతారు అనింది. ఈ పేరు పెట్టినాంక మా గూడెంలో పాలు తాగే బిడ్డ గూడా దాన్ని ముట్టదు."

మౌలాలి ఎవరో తెలుసా అని అడిగాను. తెలీదంది. ఎవరో ఊరి మనిషట, చూసేదానికి కోడలుగడ్డ మాదిరే ఉంటాడని అత్త చెప్పేదట.

నేను రెండు కట్టలూ తీసుకున్నాను. రెండు డబ్బాలు కడిగి తుడిచి, ఒకటి అంగడికి ఆ చివర, ఒకటి ఈ చివర పెట్టాను. రెండోదాని మీద కాగితం అంటించి, మౌలాలిగడ్డ అని కొత్త పేరే రాశాను, పుల్ల కూడా అందులోనే వేశాను. అది అంగడివాడి పేరనుకుంటారు జనం. ఆ పిల్ల గంప ఎత్తుకుంటూ, వచ్చే పక్షం మళ్లీ తెస్తానని, ఊళ్లో ఎవరైనా అడిగితే ఎవరి అంగడని చెప్పాలన్నా, నీ పేరేమని అడిగింది.

ఇమాం బాషా అన్నాను. అది మా నాయన పేరు.